అరవై ఆరేళ్ల మాన్సెబో

1954 ఆగస్టు 17, మంగళవారం, ఉదయం 11 గంటల 40 నిమిషాలు. లోహా పట్టణంలోని మా మందుల దుకాణంలో, గాజు పెట్టెలో ఉండే త్రాసు ముందు నిలబడి, అబ్దోన్ సరంగో కట్టిన పది క్వినైన్ పొట్లాలను ఒకటొకటిగా విప్పి తూచాను. పొట్లానికి అర గ్రాము ఉండాలి. అన్నిటికన్న బరువైనది 0.454. అన్నిటికన్న తేలికైనది 0.442. పదీ కలిపి 4.48 గ్రాములు. ఉండవలసినది అయిదు.

ఆ సంఖ్యలను నేనే చదివాను, నేనే రాసుకున్నాను. అది మా దుకాణం పద్ధతి కాదు. మా దగ్గర తూచేవాడు సంఖ్యను పైకి పలుకుతాడు; దుకాణం బాధ్యత ఉన్నవారు దానిని విని, తిరిగి పలికి, పుస్తకంలో రాస్తారు. ఎన్నో ఏళ్లుగా పలికే గొంతు అబ్దోన్‌ది. ఆ ఉదయం ఆయన నాకు మూడడుగుల దూరంలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పలకమని నేను అడగలేదు.

అబ్దోన్ 1888లో చుకిరిబాంబాలో పుట్టాడు. ఆయన తల్లి కొండమీది మూలికలు ఎండబెట్టి మా దుకాణానికి తెచ్చేది. 1900 ఫిబ్రవరిలో మూలికల మూటతో పాటు పన్నెండేళ్ల కొడుకునూ తీసుకువచ్చింది. మా తాత దోన్ ఫెలీసిమో వాడి కుడి మణికట్టు పట్టుకుని, దుకాణంలో గోడవార బల్లమీద కబుర్లకు కూర్చున్న వాళ్లందరూ చూస్తుండగా, ఇత్తడి తూకంరాయితో త్రాసు పళ్లేన్ని ఒకసారి మోగించి, "ఈ చెయ్యి ఇక దుకాణానిది" అన్నాడట. ఆ రోజునుంచి ఇంట్లో ఆయన పేరు మాన్సెబో.

మాన్సెబో అంటే పడుచువాడు. పెళ్లికాని కుర్రవాడు. నా చిన్నతనానికే ఆ మాట మా వీధుల్లో చచ్చిపోయింది. సువార్తలోని ధనవంతుడైన యువకుడి కథ చదివే ఆదివారం చర్చిలో ఒకసారి వినబడేది. పాత వివాహ పుస్తకాల్లో వరుడి పేరు పక్కన కనబడేది. ఈ రెండూ కాక మిగిలింది మందుల దుకాణమే: అక్కడ మందు నూరి, తూచి, పొట్లం కట్టే పనివాడికి వయసు ఎంతైనా అదే పేరు.

ఆయన గది దుకాణం వెనక, మూలికలు ఆరబెట్టే అటక కింద. భోజనం మా ఇంట్లో; సోమవారాల్లో పచ్చి అరటికాయ పులుసు, జున్నుముక్క వేసి. సాయంత్రం నాలుగింటికి ఓర్చాటా అనే ఎర్రటి మూలికల కషాయం, పంచదార లేకుండా. మాన్సెబోగా ఉన్నంతకాలం పెళ్లి లేదన్నది తాత పెట్టిన నియమం. 1915లో ఒకసారి అడిగాడట. "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడట తాత. మళ్లీ అడిగినట్టు ఎవరూ చెప్పలేదు. ఆయన ఎవరితోనూ చెయ్యి కలిపేవాడు కాదు. చెయ్యి చాచిన వాళ్లకు తల వంచి ఊరుకునేవాడు; తూచే చెయ్యి అని ఊరికి తెలుసు కనుక ఎవరూ తప్పు పట్టలేదు.

ఆయన పని ఇది. అయిదు గ్రాముల క్వినైన్ తూచి, నున్నటి పలకమీద పోసి, కొమ్ముతో చేసిన చదును గరిటతో వేలెడు వెడల్పు పట్టీగా పరిచేవాడు. తరువాత కంటిచూపుతో పది భాగాలు చేసేవాడు. విడిగా ఏ భాగాన్నీ తూచేవాడు కాదు. నూటికి పది పాళ్ల తేడా వరకు మందుల నియమాల పుస్తకం ఒప్పుకుంటుంది. ఆయన పంపకంలో తేడా మూడు పాళ్లు దాటడం నేను చూడలేదు.

తాత 1951లో పోయాడు. అప్పటికి రాజధాని క్విటోలో మందుల చదువు ముగించుకుని వచ్చిన నేను దుకాణం తీసుకున్నాను. నాలుగేళ్లప్పుడు ఆయన భుజంమీద ఊరేగినదాన్ని కనుక ఆయన నాకు అబ్దోన్ మామ. నేను ఆయనకు చిన్నమ్మగారిని. పట్టా వచ్చాక కూడా.

1954 జూన్ మొదటి వారంలో క్విటోనుంచి కొత్త కాగితం వచ్చింది. తెల్లనిది, పలచనిది, దుకాణం పేరు నీలం సిరాతో అచ్చువేసినది. అంతకుముందు అబ్దోన్ తానే కాగితానికి తేనెమైనం పూసి, వేడి ఇస్త్రీపెట్టెతో రుద్ది, దానిలో క్వినైన్ కట్టి, పొట్లాలను రేకుడబ్బాలో పెట్టి, మూత అంచుకు మైనం పట్టించేవాడు. దానికి వారంలో ఒక పూట పట్టేది.

"ఇకనుంచి ఈ కాగితం వాడదాం మామా" అన్నాను.

ఆయన ఒక ముక్క తీసి వేళ్లమధ్య నలిపి చూశాడు. "మైనం పట్టించనా?"

"ఎందుకు? అచ్చు చెరిగిపోతుంది. అసలు మైనం దేనికి?"

"పూయమన్నారు, పూస్తున్నాను. మీ తాతగారు దేనికో చెప్పలేదు. నేను అడగలేదు."

"అయితే వదిలేయండి."

"సరే చిన్నమ్మగారూ."

గోడవార బల్లమీద ఫాదర్ సెరాఫీన్ ఉన్నాడు. సెమినరీలో లాటిన్ చెప్పే ఆయన రోజూ పదకొండింటికి సోడా ఉప్పు కోసం వచ్చి, పన్నెండున్నర దాకా కదిలేవాడు కాదు.

"ఏమోయ్ పడుచువాడా, కొత్త కాగితమా? పెళ్లి శుభలేఖలకేనా?"

"మీరు చదివిపెడతానంటే వేయిస్తాను ఫాదర్. పెళ్లికూతుర్ని కూడా మీరే చూడాలి. నాకు దూరపు చూపు తగ్గింది."

"నిన్ను ఏమని పిలుస్తున్నారో అసలు తెలుసా నీకు?"

"యాభై నాలుగేళ్లుగా పలుకుతున్నాను. తెలియకపోతే మాత్రం పలకనా?"

ఫాదర్‌కు పాఠం చెప్పే అవకాశం దొరికితే వదిలే అలవాటు లేదు. "విను. పూర్వం రోములో మనిషిని కొనాలంటే ఊరికే డబ్బిచ్చి తోలుకుపోతే చెల్లదు. అయిదుగురు సాక్షులుండాలి. ఆరోవాడు త్రాసు పట్టుకోవాలి. కొనేవాడు బానిసను చేత్తో పట్టుకుని, 'వీడు నావాడు' అని, కంచుముక్కతో త్రాసు మీద కొట్టాలి. అలా చేత్తో పట్టినదానికి ఒక పేరుంది. లాటిన్‌లో చెయ్యి, పట్టు, రెండూ కలిసిన మాట. మొదట ఆ పట్టుకు, తరవాత పట్టిన సొత్తుకు. తరవాత బానిసకు. బానిస పోయి నౌకరయ్యాడు. నౌకరంటే కుర్రాడేగా, కుర్రాడయ్యాడు. కుర్రాడంటే పెళ్లికానివాడు. అలా అలా అరిగి అరిగి నీ దగ్గరికొచ్చి మాన్సెబో అయి కూర్చుంది."

అబ్దోన్ గరిట తుడుస్తూనే విన్నాడు. "దోన్ ఫెలీసిమోకు లాటిన్ వచ్చు కదా ఫాదర్."

"బాగా వచ్చు. ఎందుకు?"

"ఏం లేదు. మరి పట్టినవాళ్లు చెయ్యి వదిలేస్తే ఏమంటారు?"

"దానికీ మాటుంది. విడుదల అంటారు."

"ముసలాణ్ణి వదిలేస్తే?"

"అప్పుడు ఆకలి అంటారు" అని ఫాదర్ నవ్వాడు. అబ్దోన్ కూడా నవ్వాడు. నేను రశీదులు చూసుకుంటున్నాను.

ఏటా ఆగస్టులో ఎల్ సిస్నె అనే ఊరి కన్యమాత విగ్రహాన్ని భక్తులు భుజాలమీద మోస్తూ లోహాకు నడిచి వస్తారు. దారిలో ఒక రాత్రి కటమాయో లోయలో పడుకుంటారు. అక్కడ ఎండ, పొడిగాలి, దోమలు. అందుకని ఆ లోయలోని చెరకు తోటవాళ్లు నాలుగు వందల క్వినైన్ పొట్లాలు ముందుగానే మా దగ్గర తీసుకుని నిలవ పెడతారు. ఆ ఏడు జూలై 20న పంపాము. అబ్దోన్ నలభై విడతలుగా తూచి పలికాడు. నేను రాశాను. కొత్త కాగితం.

ఆగస్టు 17న తోట పెత్తందారు దోన్ లియోవిహిల్దో టోపీ కూడా తీయకుండా లోపలికి వచ్చి, రుమాలులో కట్టిన పది పొట్లాలు త్రాసు బల్లమీద పెట్టాడు.

"డాక్టరమ్మా, మా చక్కెర మిల్లులో మీ త్రాసుకు అన్నలాంటిది ఒకటుంది. మావాడు ఏం తోచక మీ పొట్లాలు తూచాడు. ఒక్కటంటే ఒక్కటి సరిపోలేదు. నేను నమ్మలేదనుకోండి. మీరే చూడండి."

చూశాను. సంఖ్యలు పైన చెప్పాను. ఆ పూట బల్లమీద ఉన్నవారు: ఫాదర్, ఒక నోటరీ, ఒక బడిపంతులు, పింఛను పుచ్చుకునే ఇద్దరు సైనికులు.

నేను ఆలోచించిన క్రమాన్ని అలాగే రాస్తున్నాను. పంచే చెయ్యి వణికి ఉంటే ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గాలి, మొత్తం మారదు. ఇక్కడ పంపకం చక్కగా ఉంది, ఎక్కువకూ తక్కువకూ తేడా పన్నెండు మిల్లీగ్రాములే. తగ్గినది మొత్తం. అంటే పంచకముందే తగ్గింది. పంచకముందు క్వినైన్‌ను ముట్టుకున్న చెయ్యి ఒక్కటే.

దోన్ లియోవిహిల్దో అదే దూరాన్ని ఒక్క అడుగులో దాటాడు. "ఇంకేముందమ్మా, చేతివాటం. తాతల కాలంనాటి చెయ్యి కదా, బాగా తిరిగుంటుంది."

ఎవరూ నవ్వలేదు.

"అబ్దోన్" అన్నాను. మామా అనలేదు. ఆ సంగతి నోట్లోంచి వచ్చాకే గమనించాను, ఆయన నాకన్న ముందే గమనించాడు. "జూలైలో ప్రతి విడతా అయిదు గ్రాములు తూచారా?"

"తూచాను. నేను పలికాను, మీరు రాశారు కదా చిన్నమ్మగారూ."

"పలికినది రాశాను. పళ్లెం చూడలేదు."

ఆయన త్రాసువైపు చూశాడు. "మరి తక్కువెందుకొచ్చింది?" అని నేను అడిగాను.

"తెలియదు."

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం చెప్పను? చెయ్యి నాది. త్రాసు మీది."

త్రాసుపెట్టె తాళంచెవి ఆయన మెడలో తాడుకు ఉండేది. ఇవ్వమన్నాను. తాడుతో సహా తీసి బల్లమీద పెట్టాడు. పుస్తకంలో ఆ రోజు పేజీలో ఇలా రాశాను: "జూలై 20 నాటి క్వినైన్ పొట్లాలు నూటికి 10.4 తక్కువ. తూచినవాడు మాన్సెబో అ. సరంగో." పుస్తకం పేజీలకు వరుస సంఖ్యలూ ముద్రలూ ఉంటాయి. చించడం, చెరపడం కుదరదు.

19న ఆయన చుకిరిబాంబా లారీ ఎక్కాడు. వెళ్లమని నేను అనలేదు, ఉండమనీ అనలేదు. 20న ఊరంతా కన్యమాతకు ఎదురు వెళ్లింది. దుకాణం తలుపు నేనే తీశాను. తీయడానికి పైగడియను ఎడమకు నొక్కి పైకెత్తాలని నాకు తెలియదు. పదకొండు నిమిషాలు పట్టింది.

ఆ తరువాత మాన్సెబో అన్న మాట దుకాణంలో ఎవరూ అనలేదు. పిలవడానికి మనిషి లేడు. ఫాదర్ వారం రోజులు రాలేదు. వచ్చిన రోజు సోడా ఉప్పు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "ఆ పూట బల్లమీద మేము అయిదుగురం, ఒటీలియా. త్రాసు నీ చేతిలో ఉంది" అన్నాడు. నేను చిల్లర ఇచ్చాను.

అక్టోబరు 4న తోటకు మరో వంద పొట్లాలు పంపాను. ఈసారి పంపకం లేదు. ప్రతి పొట్లాన్నీ నేనే విడిగా 0.500 వచ్చేదాకా తూచి, అదే తెల్ల కాగితంలో కట్టాను. రెండు రోజులు పట్టింది.

నవంబరు 8, సోమవారం, దోన్ లియోవిహిల్దో మళ్లీ రుమాలుతో వచ్చాడు. ఈసారి టోపీ తీశాడు.

"డాక్టరమ్మా, కోప్పడకండి. మావాడు మళ్లీ తూచాడు." మూట విప్పి, నా మొహం చూసి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఈసారి చేతివాటం ఎవరిది?"

మొదటి పొట్లం 0.449. రెండోది 0.447. మూడోది 0.449. నాలుగోది తూచలేదు.

మెట్లెక్కి పైకి వెళ్లి, క్విటోలో చదువుకున్న పుస్తకం తీశాను. క్వినైన్ సల్ఫేటు స్ఫటికంలో ఒక్కో అణువుకు ఏడు నీటి అణువులు ఉంటాయి. పొడిగాలి తగిలితే అందులో అయిదు క్రమంగా వదిలిపోతాయి. నీటితోపాటు నూటికి పది పాళ్ల పైచిలుకు తూకం పోతుంది. మందు పోదు. ఆ వాక్యం కింద 1946లో నేనే పెన్సిలుతో గీత గీసుకుని ఉన్నాను. గాలి చొరకుండా మైనం కాగితంలో, మూసిన డబ్బాలో నిలవ చేయాలని తరువాతి వాక్యం. దానికింద గీత లేదు.

నవంబరు 13, శనివారం, చుకిరిబాంబా లారీ ఎక్కాను. వెంట మూడు వస్తువులు: చేత్తో మోయగల చిన్న త్రాసు, దుకాణం పుస్తకం, ఒక రేకుడబ్బా. పుస్తకం దుకాణం గడప దాటకూడదన్నది నియమం. రేకుడబ్బా మే 11 నాటిది. అబ్దోన్ పాత పద్ధతిలో కట్టిన చివరి పది పొట్లాలు అందులో ఉన్నాయి. మూత అంచున ఆయన పట్టించిన మైనం చెదరలేదు. నేను దాన్ని విప్పలేదు.

ఆయన మేనకోడలు దెల్ఫీనా ఇంట్లో ఉన్నాడు. వాకిట్లో ఓర్చాటా మూలికలు చాపలమీద ఆరుతున్నాయి. ఆమె కట్టలు కడుతోంది. ఆయన గోడకు ఆనుకుని ముక్కాలిపీటమీద కూర్చున్నాడు, కుడిచెయ్యి కంబళి లోపల.

దెల్ఫీనా లేవలేదు. "మామా, దుకాణం డాక్టరమ్మ వచ్చింది. త్రాసు కూడా తెచ్చుకుంది. మనింట్లో ఏం తగ్గిందో చూసుకుంటుందేమో, కోళ్లు లెక్కపెట్టి ఉంచనా?"

"ఊరుకో. పీట వెయ్యి."

"వేస్తా. అది కూడా తూచుకోమను."

పీట వేసింది. వేడి కషాయం కూడా తెచ్చి పెట్టింది. అప్పుడు నేను చెప్పాను: నీటి సంగతి, పొడిగాలి సంగతి, నా వంద పొట్లాల సంగతి. సంఖ్యలతో సహా చెప్పాను.

"అయితే మైనం నీటికోసమా?" అన్నాడు.

"అవును."

"మీ తాతగారికి తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

ఆయన తలూపాడు. "చెప్పి ఉంటే, జూన్‌లో మీకు చెప్పేవాణ్ణి."

దెల్ఫీనా కట్టలు కట్టడం ఆపింది. పక్కింటి కుక్క ఒకటి వచ్చి చాప వాసన చూసి వెళ్లింది.

"తిరిగి రండి అబ్దోన్ మామా" అన్నాను.

"ఇప్పుడక్కడ మాన్సెబో ఎవరు?"

"ఎవరూ లేరు."

"ఉండనివ్వండి అలాగే." గొంతులో కోపం లేదు. వెదికాను. "పుస్తకంలో రాశారు కదా, ఆ రోజు."

"రాశాను. చెరపడం కుదరదు. కింద రాస్తాను, తప్పు నాదని."

"అలా వద్దు. మీరు అనుకున్నది ఒకసారి రాశారు. ఈసారి చూసినది రాయండి." రేకుడబ్బా వైపు చూశాడు. "అది మే నెలది."

"అవును. విప్పలేదు."

"తూకం తెలియకుండానే ఇంత దూరం వచ్చారా?"

"లెక్క తెలుసు మామా. తూకం తెలియదు."

"తక్కువొస్తే?"

"అదీ రాస్తాను."

అప్పుడు ఆయన కుడిచెయ్యి కంబళి బయటికి వచ్చింది. బొటనవేలి గోరు కొంచెం పెరిగింది. దుకాణంలో ఉన్నప్పుడు ఎప్పుడూ ఉండే ఊదారంగు మందు మరక పోయింది. దెల్ఫీనాతో నీళ్లు పోయించుకుని కడుక్కుని, ఆరేదాకా గాలిలో పట్టుకున్నాడు. నేను త్రాసును వాకిట్లోని బల్లమీద పెట్టాను. గాలి తగలకుండా దెల్ఫీనా ఏమీ అడగకుండానే తన శాలువ అడ్డం పట్టింది. ఆయన మూత అంచు మైనాన్ని గోటితో ఒక చుట్టు తిప్పి తీశాడు. పది పొట్లాలు విప్పి, ఒకటొకటిగా పళ్లెంలో పోసి, ప్రతి కాగితాన్నీ రెండుసార్లు వేలితో తట్టాడు. రెండో పళ్లెంలో తూకంరాళ్లు వేస్తూ, చివరగా రేకుముక్కల్లాంటి చిన్న తూకాలను పట్టకారుతో మార్చి మార్చి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టాడు.

పుస్తకం మోకాళ్లమీద తెరిచాను. ఆగస్టు 17 నాటి వాక్యం కింద తేదీ, ఊరు పేరు రాసి, "మే 11 నాటి పది పొట్లాలు, మొత్తం, గ్రాములలో, తూచి పలికినవాడు మాన్సెబో అబ్దోన్ సరంగో" అని రాసి, కలం ఎత్తి పట్టుకున్నాను.

ఆయన పలికాడు. నేను తిరిగి పలికి, రాశాను.

4.994